16, 18 లేవంటూనే పాజిటివ్ అన్నారెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన నమూనాకు హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) పరీక్ష చేసి, ఆ వైరస్ 16, 18 రకాలు నెగెటివ్, ‘ఇతర హై రిస్క్ రకాలు’ పాజిటివ్ అని రిపోర్టు ఇచ్చారు. ఇది క్యాన్సరేనా?

జవాబు: కాదండీ, భయపడకండి. ఈ పరీక్ష వెతికేది క్యాన్సర్ కణాలను కాదు, వైరస్ డీఎన్‌ఏను. చిన్న బ్రష్‌తో తీసిన కణాలను ద్రవంలో కలిపి ల్యాబ్‌కు పంపితే, అక్కడ వాటినుంచి డీఎన్‌ఏను వేరుచేసి, అందులో వైరస్ జన్యుభాగం ఏ కొంచెం ఉన్నా పీసీఆర్ పద్ధతిలో లక్షల రెట్లు పెంచి గుర్తిస్తారు. చాలా కిట్లు అదే గొట్టంలో బీటా గ్లోబిన్ అనే మానవ జన్యువును కూడా వెతుకుతాయి. ఇది ఎంతో విలువైన జాగ్రత్త. ఎందుకంటే అది కనిపించకపోతే నమూనాలో కణాలే సరిపడా లేకపోయి ఉండవచ్చు, అప్పుడు వచ్చిన నెగెటివ్‌ను నమ్మకూడదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కనుక వాటిని విడిగా చూపుతారు. 31, 33, 45, 52, 58 వంటి ఇతర హై రిస్క్ (క్యాన్సర్ ముప్పు ఉన్న) రకాలను కలిపి ఒకే ఫలితంగా ఇవ్వడం వల్ల, మీలో ఉన్నది ఏ రకమో రిపోర్టులో లేదు. చాలామందిలో వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. అయినా ఊరుకోవద్దు. ఇప్పుడు పాప్ పరీక్ష (ముఖద్వారం కణాల్లో మార్పులున్నాయేమో మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) చేయించుకోండి. కణాల్లో మార్పు ఉంటే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలించడం) అవసరం కావచ్చు, లేకపోతే ఏడాది తర్వాత మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష తప్పనిసరి.