హగరి ఇసక, గండికోట అలలు: మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: మాది బొమ్మనహాళ్ మండలం, హగరి ఒడ్డున ఊరు. ఆషాఢం వచ్చిందంటే గాలికి ఇసక లేచి చేలల్లో పడతాది, దిబ్బలు ఏటేటా ముందుకు జరుగుతా ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది, ఇది ఆ ఇసకే అని మా మామ అంటాడు. నిజమేనా సార్? దిబ్బ ఎట్ల నడుస్తాది, ఆపేదెట్ల?
– ఒక మహిళా రైతు, అనంతపురం జిల్లా

జవాబు: సముద్రం ఇసక కాదమ్మా, అది ఏటి ఇసకే. వేదవతి అదే మన హగరి, కర్ణాటకలో బాబాబుడన్ కొండల్లో పుట్టి దారి పొడుగునా రాళ్లు అరిగి రాలిన ఇసకంతా మోసుకొచ్చి మీ దగ్గర పరిచింది. ఏరు పారినన్నాళ్లు ఇసక తడిగా ఉంటుంది, కదలదు. పైన వాణీవిలాస సాగరం, ఇటు భైరవానితిప్ప డ్యామ్ వచ్చాక నీళ్లు పారే రోజులు తగ్గిపోయి ఏరంతా ఎండిన ఇసక పరుపైపోయింది, సరిగ్గా ఆ టైంలోనే నైరుతి గాలి పడమటి కనుమల్లో వాన కురిపించేసి మన వైపు పొడిగా, జోరుగా వస్తుంది. రామగిరి కొండల మీద ఫ్యాన్లు తిప్పేదీ ఈ గాలే.

ఇప్పుడు దిబ్బ సంగతి. గాలి గంటకు దాదాపు 20 కిలోమీటర్లు దాటిందంటే పొడి ఇసక కదలడం మొదలుపెడుతుంది. సన్న దుమ్ము ఆకాశానికి లేచిపోతుంది, అది ఊళ్లు దాటి పోతుంది, దిబ్బ కట్టదు. లావు రేణువులు నేల మీదే దొర్లుతాయి. మధ్యరకం ఇసకే అసలుది, అది ఎగిరి ముందుకు పడుతుంది, పడిన చోట గోలీ తగిలినట్టు ఇంకో నాలుగు రేణువుల్ని లేపుతుంది, అవి ఇంకొన్నిటిని. ఈ ఎగురుడంతా చాలావరకు మోకాలి ఎత్తు లోపలే జరుగుతుంది, అందుకే గాలికాలంలో బుడ్డల (వేరుశనగ) చేలో లేత మొలకలు కింద కాండం దగ్గర గీరుకుపోయి కనపడతాయి, పెద్ద చెట్లకేమీ కాదు.

ఈసారి దిబ్బను పక్కనుంచి చూడండి. గాలి కొట్టే వైపు వాలు మెల్లగా ఉంటుంది, అవతలి వైపు నిటారుగా, సుమారు 30 నుంచి 34 డిగ్రీలు. రేణువులు మెల్లవాలు ఎక్కి శిఖరం దాటగానే గాలి మరుగున పడతాయి, అక్కడ కుప్ప ఎక్కువైతే ఒక్కసారిగా జారుతుంది. అంటే దిబ్బ వెనక తవ్వుకుని ముందర పోసుకుంటా నడుస్తుంది. చిన్న దిబ్బ పెద్దదానికంటే స్పీడు, ఎందుకంటే అంతే ఇసకతో చిన్నది ఎక్కువ దూరం జరిగిపోతుంది. ఇసక తక్కువుండి గాలి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చే ఎడారుల్లో దిబ్బలు చంద్రవంకలా అవుతాయి, వాటి కొమ్ములు గాలి పోయే వైపు చూస్తుంటాయి.

ఆపడానికి దయచేసి గోడ మాత్రం కట్టద్దు. గోడకి తగిలి గాలి సుడి తిరుగుతుంది, ఇసక దాని పక్కన పేరుకుని ఒకరోజు పైనుంచి దూకుతుంది. గాలి సగం దూరే కంప దడి మేలు, వేగం తగ్గి ఇసక అక్కడే రాలిపోతుంది. జోధ్‌పూర్‌లో 1959 నుంచి ఉన్న కేంద్ర ఎడారి ప్రాంత పరిశోధన సంస్థ, థార్‌లో చేసిందీ ఇదే, గాలికి అడ్డంగా వరసలు వరసలుగా కంప పాతి, ఆ మరుగులో గడ్డి, చెట్లు పెంచడం. మొదటి వరస మీ చేను గట్టున కాదు, ఏటి అంచున రావాలి, ఇసక బయల్దేరే చోటు అదే కాబట్టి. ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు, ఊరంతా కలిసి ఉపాధి హామీ పనుల్లో పెట్టమని అడగండి. ఈలోపు దిబ్బ మీద తనంతట మొలిచిన గడ్డిని మేపకండి, తుమ్మ కొట్టకండి, ఇది చాలా ముఖ్యం.

ప్రశ్న: గండికోటలో కొన్ని బండల మీద నీటి అలల మాదిరి గీతలున్నాయి. గాలికి వచ్చాయా? లోయను కూడా గాలే కోసిందా?
– డిగ్రీ విద్యార్థి, జమ్మలమడుగు

జవాబు: లోయ పెన్నా నది పని, గాలికి అంత కోత కోసే బలం లేదు. బండల మీద గీతలు మాత్రం నిజంగా అలలవే! పైన అడిగిన అమ్మ వాళ్ల మామ చెప్పిన సముద్రం అనంతపురం హగరిలో లేదు గానీ మీ కడప రాళ్లలో ఉంది. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది, దాని అడుగున ఇసక మీద పడ్డ ముడతలే మీద ఇంకో పొర కప్పుకుని గట్టిపడి రాయైపోయాయి. తేడా మీరే పట్టొచ్చు. ముడత రెండు వైపులా వాలు సమానంగా ఉండి శిఖరం పదునుగా ఉంటే ముందుకీ వెనక్కీ ఊగిన అల చేసింది. ఒకవైపు మెల్లగా, ఇంకోవైపు నిటారుగా ఉంటే ఒకే దిక్కుకి పారిన నీళ్లది. గాలి ముడతలు కూడా ఒకవైపుకే వాలి ఉంటాయి గానీ బాగా పల్చగా, ఎత్తు తక్కువగా ఉంటాయి. ఫోటో తీసుకోండి, ముక్క మాత్రం కొట్టుకురావద్దు.

ప్రశ్న: కర్నూలు నుంచి వైజాగ్ వెళ్లినప్పుడల్లా ఆర్కే బీచ్‌లో ఇసక ఒకసారి బోలెడు, ఒకసారి కొంచెమే. ఎక్కడికి పోతుంది?

జవాబు: కొంత లోపలికి, కొంత ఉత్తరానికి. పెద్ద అలలు, తుఫాన్లు ఇసకను లాక్కెళ్లి కాస్త దూరంలో నీళ్ల కింద గట్టులా పోస్తాయి, సముద్రం నెమ్మదించాక చిన్న అలలు దాన్ని మళ్లీ ఒడ్డుకి తోస్తాయి. ఇంకోటి, అల ఏటవాలుగా వచ్చి నేరుగా వెనక్కి జారుతుంది, ఆ లెక్కన రేణువు రంపం పళ్లలా ఒడ్డు వెంట పోతూనే ఉంటుంది. మన తూర్పు తీరంలో నైరుతి కాలంలో ఈ పోక ఉత్తరం వైపు. కాకినాడ హోప్ ఐలాండ్ కూడా గోదావరి వదిలిన ఇసక ఇలా సాగి సాగి ఏర్పడ్డదే. వైజాగ్‌లో హార్బర్ గోడ ఆ దారికి అడ్డం, అందుకే దక్షిణాన ఆగిన ఇసకను డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు.