ఆ అట్టపెట్టెలోని జాజ్ క్యాసెట్ల గురించి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మీ అపార్ట్‌మెంట్‌లో రిటైరైన మెరైన్ ఇంజినీరు గారు ఇల్లు ఖాళీ చేస్తూ అట్టపెట్టెడు క్యాసెట్లు నీ చేతిలో పెట్టారన్నావు. అన్నీ జాజ్ కచేరీలు, ఎక్కడా కంపెనీ పేరు లేదు, పైన బాల్‌పెన్‌తో రాతలు. వారంలో మొత్తం యూట్యూబ్‌లో ఎక్కించేస్తానని హుషారుగా చెప్పావు. కాస్త ఆగరా.

హక్కుల సంగతికి ముందు బూజు సంగతి చూడు. మన విశాఖ ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, టేపు ఎంత? 2014లో హుద్‌హుద్ తుపానుకి నా గది కిటికీలు ఎగిరిపోయి సగం క్యాసెట్లు నానిపోయాయి. ప్రతి క్యాసెట్‌నీ వెలుతురుకి ఎత్తి, మధ్య కిటికీలోంచి రీలు అంచు చూడు. తెల్లగా పిండి రాసినట్టు చార కనబడితే అది బూజే. దాన్ని డెక్‌లో పెట్టావంటే టేపుని చదివే హెడ్‌కి అంటి తర్వాతి క్యాసెట్‌కి పాకుతుంది. అలాంటివి వేరే పెట్టెలో ఉంచు, నేనొచ్చాక చూద్దాం. బాగున్నవాటికి వీపున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచెయ్, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీత్రీ వద్దు, శబ్దంలో ఏదీ పోని వేవ్ ఫైలు గానీ ఫ్లాక్ ఫైలు గానీ చెయ్.

ఇక అసలు విషయం. ప్రతి క్యాసెట్‌కీ ఒక పుట్టుక ఉంటుంది, అది చెవికి దొరుకుతుంది. గ్లాసుల చప్పుడు, పక్క టేబుల్ కబుర్లు వినబడితే హాల్లో ఎవరో మైకు పెట్టి పట్టింది. మాటలేవీ లేకుండా వాద్యాలు మరీ దగ్గరగా ఉంటే స్టేజి మిక్సర్ నుంచి వచ్చింది. శబ్దం అల వచ్చి వెనక్కెళ్లినట్టు పెరిగి తగ్గుతుంటే షార్ట్‌వేవ్ రేడియో. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ జాజ్ కార్యక్రమం అర్ధరాత్రి దాకా అలాగే వినేవాణ్ణి, ఆ ఊగిసలాట నాకు కంఠతా వచ్చు. టిక్కుటిక్కుమని గీత చప్పుడొస్తే ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) నుంచి ఎక్కించిన కాపీ.

రాతల్ని మాత్రం నమ్మకు. న్యూయార్క్‌లో బోరిస్ రోజ్ అని ఒకాయన ఉండేవాడు. బర్డ్‌ల్యాండ్ క్లబ్బు నుంచి రేడియోలో వచ్చే కచేరీలు ఇంట్లోనే పట్టి, లేబుల్ పేర్లు కల్పించి ఎల్పీలు అచ్చు వేసేవాడు. అవి లేకపోతే కొన్ని రాత్రుల సంగీతం మనకి మిగిలేదే కాదు, అది నిజం. వాయించినవాళ్ల సంపాదనకి గండి పడిందన్నదీ నిజమే. డీన్ బెనెడెట్టి ఇంకో రకం. 1947, 48లో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ వెంట తిరిగి, పార్కర్ సోలో మొదలవగానే మెషిన్ ఆన్ చేసి, అయిపోగానే ఆపేసేవాడు. మిగతావాళ్లు ఆయనకి అక్కర్లేదు! ఆ ముక్కలు 1990లో గానీ బయటికి రాలేదు.

పియానో వాయించే థెలోనియస్ మంక్, శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ కలిసి 1957 నవంబరు 29న కార్నెగీ హాల్లో వాయించినది వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్లు పట్టారు. ఆ టేపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పడి ఉండి 2005లో కంటబడ్డాయి. ఎవరు పట్టారు, ఏ రోజు, ఏ హాలు అన్నది తెలుసు కాబట్టి అదే ఏడాది పద్ధతిగా సీడీ వచ్చింది. అదే జంట ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయించిన టేపు ఉంది. పట్టింది కోల్ట్రేన్ భార్య నయీమాయే. 1993లో విడుదల చేసినప్పుడు 1957 నాటిదనుకున్నారు, తర్వాత 1958 అని తేలింది. ఇంటావిడ పట్టిన టేపుకే ఏడాది తప్పితే, నీ బాల్‌పెన్ రాతల్ని ఏం నమ్ముతావు?

నా తప్పు ఒకటి చెప్తాను, మీ అత్తకి కూడా పూర్తిగా తెలియదు. ఎనభైల్లో మన ఊళ్లో ఒక వయొలిన్ కచేరీని, ఉత్తరీయం కింద చిన్న రికార్డర్ దాచి పట్టాను. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. ఒక స్నేహితుడికి కాపీ ఇచ్చాను, అంతే. ఏడాది తర్వాత జగదాంబ దగ్గర ఒక క్యాసెట్ల షాపు ముందు నుంచి వెళ్తుంటే అదే కాంభోజి వినబడింది. ఆలాపన మధ్యలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాది. షాపతను బేరం చేస్తున్నాడు. ఆ విద్వాంసుడికి నేను ఇప్పటికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్దామన్నా ఆయన లేరు.

క్యాసెట్ నీకిచ్చారు కాబట్టి ప్లాస్టిక్కూ టేపూ నీవే. లోపలిదానికి సొంతదారులు వేరే. బాణీ కట్టినవాళ్లకి మన చట్టంలో వాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. మంక్ 1982లో పోయాడు, లెక్క నువ్వే వేసుకో. వాయించినవాళ్లకి, అంటే వెనక బాస్, డ్రమ్స్ వాయించినవాళ్లతో సహా అందరికీ, 1994 సవరణతో హక్కు వచ్చింది. మొదట 25 ఏళ్లు, 1999లో 50 చేశారు. రేడియోదైతే ప్రసారం చేసినవాళ్లకి 25 ఏళ్లు. ఇదంతా మన దేశం మాట. అమెరికాలో 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య వచ్చిన రికార్డులకి 2067 దాకా చట్టం రక్షణ ఉంది. యూరప్‌లో 50 ఏళ్లే ఉన్నన్నాళ్లూ కొన్ని కంపెనీలు పాత కచేరీలు దర్జాగా సీడీలు వేశాయి, తర్వాత అక్కడ 70 చేశారు. ఒకచోట చెల్లే సరుకు ఇంకోచోట దొంగసరుకు. మరి యూట్యూబ్ ఏ ఊళ్లో ఉన్నట్టు?

ఇంట్లో విను, రాసుకో, వాయించి నేర్చుకో. సొంతానికీ చదువుకీ చట్టం వెసులుబాటు ఇస్తుంది. ఎక్కించడం, అమ్మడం మాత్రం వద్దు. "పాతవే కదా, ఎవరడుగుతారు" అనకు, నేనూ అలాగే అన్నాను. ఒక నోట్‌బుక్ తీసి క్యాసెట్‌కో పేజీ పెట్టు. పైన ఉన్న రాత ఉన్నది ఉన్నట్టు, నువ్వు విన్నది వేరేగా, నీ ఊహ పక్కన ప్రశ్నార్థకం వేసి. ఎప్పుడైనా ఏ కంపెనీయో, ఏ కళాకారుడి కుటుంబమో పద్ధతిగా వెయ్యాలనుకుంటే ఆ పేజీలే పనికొస్తాయి.

ఆ ఇంజినీరు గారు శనివారం కూతురి దగ్గరికి వెళ్లిపోతారన్నావుగా. రేపు సాయంత్రమే వెళ్లు. ఏ రేవులో కొన్నారో, ఎవరిచ్చారో, ఎంత పెట్టారో, ఒక్కో క్యాసెట్ చేతికిచ్చి అడుగు. వస్తువు పట్టుకుంటే మనిషికి జ్ఞాపకం వస్తుంది. ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేస్తే మంచిదే, కానీ ముందు అడిగి చెయ్. వద్దంటే చేత్తో రాసుకో.

మీ మావయ్య
సీతమ్మధార