అమ్మకి మార్ఫిన్ రాశారు, ఇవ్వొచ్చా? పోలీసు కేసవుతుందా?

ఇవ్వొచ్చు. కేసేమీ కాదు. ముందు ఈ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతాను, ఎందుకంటే మీరు ఈ సందేహంలో ఉన్నంతసేపూ అక్కడ అమ్మగారు నొప్పి పడుతూనే ఉంటారు.

గర్భాశయ క్యాన్సర్ ఎముకలకు పాకిందనీ, డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారనీ చెప్పారు. అనకాపల్లిలో నాలుగు మెడికల్ షాపులు తిరిగినా దొరకలేదు. ఒక షాపాయన అది మత్తుమందు, దగ్గరుంటే జైలే అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లేమో అలవాటు పడిపోతుంది, అది మొదలెట్టారంటే ఇక ఆఖరే అంటున్నారు. సరిగ్గా ఇవే మాటలు నేను ఆరేళ్ల కింద సిరిసిల్ల దగ్గర మా ఊళ్లో విన్నాను. విని, నమ్మి, పద్దెనిమిది రోజులు వృథా చేశాను.

మా బాపుకి ఊపిరితిత్తుల క్యాన్సర్ వెన్నెముకకు వచ్చింది. వెల్లకిలా పడుకోలేకపోయేవాడు. మంచం మీద దిండ్లు పేర్చి, వాటి మీదికి ముందుకు వాలి, కూర్చునే కునుకు తీసేవాడు. మేం మొదట వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ట్రమడాల్ అనే నొప్పి మందు ఇచ్చారు, అది సరిపోలేదు. మార్ఫిన్ సంగతి అడిగితే "మేం పెట్టం, లైసెన్సుల గొడవ" అన్నారు. ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధ ఆ చెప్పకపోవడం గురించే.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1985లో మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ అనేది, వచ్చింది. ఆ చట్టం 8వ సెక్షన్‌లోనే వైద్య, శాస్త్ర అవసరాలకు మినహాయింపు ఉంది. అంటే చికిత్సకు వాడటం అప్పుడూ నేరం కాదు. కానీ తప్పు దొర్లితే అప్పట్లో కనీసం పదేళ్ల జైలు. పైగా ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే రకరకాల లైసెన్సులు, వేరువేరు శాఖల నుంచి, అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. ఆసుపత్రులూ షాపులూ ఈ తలనొప్పి ఎందుకని మానేశాయి. పదేళ్లు దాటేసరికి దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ తొంభై శాతానికి పైగా పడిపోయింది. అదే కాలంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేసి, మార్ఫిన్‌కు మూలమైన నల్లమందు తీసి ప్రభుత్వానికి ఇస్తూనే ఉన్నారు. అందులోంచి మందులకు కావలసిన సరుకు విదేశాలకు వెళుతూనే ఉంది. మన పొలంలో పుట్టిన మందు మన రోగికి అందలేదన్న సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

కేరళలో ఇలాంటి రోగుల నొప్పి తగ్గించే వైద్యం చేసే డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి ఆరు మందుల్ని అత్యావశ్యక మాదక ఔషధాలుగా వేరు చేశారు. ఇప్పుడు ఆసుపత్రి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి దగ్గర గుర్తింపు తెచ్చుకుంటే చాలు, మందు తెప్పించుకుని రోగులకు ఇవ్వొచ్చు. మామూలు మెడికల్ షాపులో దొరకకపోవడానికి కారణం ఇదే: అది ఎక్కువగా ఇలా గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఉంటుంది. డాక్టరు రాసిన చీటీ ఉండి, అందులో ఉన్నంత మేరకు మీ ఇంట్లో ఉంటే అది పూర్తిగా చట్టబద్ధం. చీటీ, మాత్రలు ఒకే డబ్బాలో పెట్టుకోండి. వేరేవాళ్లకి ఒక్క మాత్ర కూడా ఇవ్వకండి, పక్కింటి నడుంనొప్పికైనా సరే. పిల్లలకు అందని చోట పెట్టండి.

మాకు చివరికి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానలో దొరికింది. అక్కడి సిస్టరమ్మ నొప్పి ఎంత అని అడగలేదు. "రాత్రి ఎట్ల పండుకుంటున్నవ్ పెద్దాయనా?" అని అడిగింది. బాపు జవాబు చెప్పలేదు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పది మిల్లీగ్రాముల మాత్రలు, నాలుగు గంటలకోసారి. నడిరాత్రి లేపనక్కర్లేకుండా రాత్రి పదింటికి ఇచ్చే డోసు డాక్టరు కాస్త పెంచి రాశారు. మూడో రాత్రి బాపు పక్కకి తిరిగి పడుకుని తెల్లారిందాకా లేవలేదు. నేను రెండుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు, కడుపులో తిప్పుతుంది, అది సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం. మార్ఫిన్ వాడినన్నాళ్లూ విరేచనం మందు వాడాల్సిందే. మేం అది అంత ముఖ్యం కాదనుకుని వారం వదిలేశాం, బాపు పడిన అవస్థకి నేనే కారణం. మీరు ఆ పొరపాటు చేయకండి. అమ్మగారికి కిడ్నీల సమస్య ఉంటే ముందే చెప్పండి, డోసు మారుతుంది. లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి మరీ నెమ్మదిగా తీస్తున్నా తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాగని రోజూ వాడుతున్నది మీకై మీరు ఉన్నట్టుండి మానేయకండి, ఒళ్లు తట్టుకోదు. తగ్గించాలన్నా డాక్టరే తగ్గించాలి.

అలవాటు గురించి నేను కళ్లారా చూసింది చెబుతాను. వెన్నుకి రేడియేషన్ ఇచ్చాక బాపుకి నొప్పి చాలా తగ్గింది. డాక్టరు రెండు వారాల్లో మెల్లగా డోసు సగానికి తెచ్చారు. బాపు ఒక్కసారి కూడా ఇంకో మాత్ర ఇవ్వమనలేదు. నొప్పి ఉన్నప్పుడు అడిగాడు, లేనప్పుడు అడగలేదు. "ఇక ఆఖరే" అన్న మాట కూడా మా ఇంట్లో నిజం కాలేదు. ఆ మందు మొదలెట్టాక పదకొండు నెలలు బతికాడు, చెల్లెలి కొడుకు పుట్టువెంట్రుకలకు వచ్చి కూర్చున్నాడు.

ఇంకొకటి, దీన్ని మీకు గట్టిగా చెప్పాలనుంది. మా చిన్నాయన మంచివాడే, అన్న అంటే ప్రాణం. కానీ భయంతో రోజూ రెండు మాత్రలు తీసి దాచేవాడు. నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. మేమంతా కూర్చుని బాపుకి ఎంత మందు మంచిదో వాదించుకున్నాం, బాపుని మాత్రం అడగలేదు. రోగం పేరు కూడా ఆయనకి చెప్పలేదు. ఒకరోజు ఆయనే అన్నాడు: "బిడ్డా, నొప్పి నాది గదా. నన్నడుగుండ్రి." ఆ రోజు అన్నీ చెప్పాం. ఆయనకు ముందే తెలుసు.

మీ ప్రశ్నలో అత్తయ్యగారు ఏమన్నారో, అన్నయ్య ఏమన్నారో ఉంది. అమ్మగారు ఏమన్నారో లేదు. ఈ రాత్రే అడగండి.

మీకు దగ్గర్లోనే అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం చూసే విభాగం ఎక్కడో అడగండి. బయాప్సీ రిపోర్టు, మార్ఫిన్ రాసిన చీటీ, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, అమ్మగారి ఆధార్, మీ ఆధార్ పట్టుకెళ్లండి. మొదటిసారి వీలైతే ఆవిడనీ తీసుకెళ్లండి. తర్వాత బాపు కదల్లేని నెలల్లో కాగితాలు చూపించి నేనొక్కదాన్నే తెచ్చేదాన్ని, అక్కడ పద్ధతి ఏమిటో కనుక్కోండి. దొరకకపోతే ఇక్కడే రాయండి, నేను చూస్తూనే ఉంటాను.