కీలు కలిపేసి నాలుగు నెలలు.. ఎముక ఇంకా అతకలేదు, మళ్లీ ఆపరేషనా?

ప్రశ్న: నా వయసు 52. మాది ఉద్దానం. రెండేళ్ల కిందట కొబ్బరిచెట్టు మీంచి పడి మడమ ఎముక విరిగింది. నొప్పి తగ్గకపోతే నాలుగు నెలల కిందట రెండు స్క్రూలు వేసి మడమ జాయింట్ కలిపేశారు. ఎక్స్‌రేలో ఇంకా పూర్తిగా అతకలేదంటున్నారు. షుగర్ ఉంది, చుట్ట తాగుతాను. మళ్లీ ఆపరేషన్ తప్పదా?

జవాబు: అప్పుడే కంగారుపడకండి. మడమ ఎముకకూ, దానిపైనున్న టాలస్ అనే ఎముకకూ మధ్య కీలులో మృదులాస్థిని గీకేసి, రెండింటినీ స్క్రూలతో బిగిస్తారు. అవి ఒకటిగా అతకడానికి మామూలుగా మూడు నాలుగు నెలలు పడుతుంది. షుగర్, పొగాకు ఉంటే ఇంకా ఆలస్యం. ఆరు నెలలు దాటి, వరుస ఎక్స్‌రేల్లో మార్పు లేకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఈ కీలు వంపుగా ఉంటుంది, పైగా స్క్రూలు అడ్డొస్తాయి. ఎక్స్‌రేలో సరిగా తేలదు. సీటీ స్కాన్ తీయించండి. కీలులో సగం మేర ఎముక కలిసిపోయి ఉంటే సాధారణంగా గట్టిపడినట్టే. స్క్రూ చుట్టూ నల్లటి అంచు కనిపించినా, స్క్రూ విరిగినా లోపల కదులుతోందని అర్థం.

చుట్ట ఈ రోజే మానండి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను కుదించేస్తుంది, రక్తం అందనిచోట కొత్త ఎముక పుట్టదు. అడ్డపొగైనా (నిప్పు నోట్లో పెట్టి తాగడం), ఖైనీ అయినా అంతే. హెచ్‌బీఏ1సీని (మూడు నెలల సగటు షుగర్) 7 దగ్గరకు తెచ్చుకోండి. విటమిన్-డి 20 కన్నా తక్కువుంటే వారానికొకటి చొప్పున 60 వేల యూనిట్ల మాత్ర సుమారు 8 వారాలు రాస్తారు. అది రోజూ మింగే మాత్ర కాదు.

నొప్పి మాత్రల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఎముక అతకడాన్ని ఆలస్యం చేయొచ్చు. అంతకుమించి కిడ్నీలకు ముప్పు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, ఎక్కువుంటే కాల్షియం, విటమిన్-డి కూడా కిడ్నీ డాక్టర్ చెప్పాకే వాడాలి.

స్కాన్ చూసేదాకా బూటు, చంక కర్రలు వదలొద్దు. గట్ల మీద నడక అసలొద్దు.

అతుకు పూర్తికాకపోయినా నొప్పి లేకుండా నడవగలిగితే సాధారణంగా మళ్లీ కోయక్కర్లేదు. కానీ షుగర్ వల్ల పాదం తిమ్మిరెక్కినా నొప్పి తెలియదు, స్పర్శ కూడా చూపించుకోండి. నొప్పి ఉండి, స్కాన్‌లోనూ ఖాళీ కనిపిస్తే స్క్రూలు మార్చి, తుంటి పైఎముక నుంచి తీసిన ముక్కలు పెట్టి మళ్లీ బిగిస్తారు. చుట్ట మానకుండా దానికి వెళ్తే అదీ అతకకపోవచ్చు. కుట్ల దగ్గర చీము, జ్వరం, పిక్క వాపు కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.