పాటకు వచ్చిన బహుమతి ఎవరిది?

ఈ నెల అందిన ఉత్తరాలు చాలావరకు పాటల వీడియోల చుట్టూ, నటీనటుల చుట్టూ, పురస్కారాల చుట్టూ తిరిగినవే. అవి ఎక్కువగా ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి రావడం నాకు వింతగా అనిపించలేదు. రాయగడలో పెరిగిన నాకు కూడా తెలుగు అక్షరాల కంటే తెలుగు పాటలే ముందు వచ్చాయి.

ప్రశ్న: నేను ప్లస్ టూ చదువుతున్నాను. పాటల వీడియోలంటే నాకు ప్రాణం. ఒక్కొక్క పాటకు ఒక పేజీ పెట్టి, రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, డాన్స్ మాస్టర్ ఎవరో నోటు పుస్తకంలో రాసుకుంటాను. 'ఆర్ఆర్ఆర్' చిత్రంలోని 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రోజున మా వీధిలో మిఠాయిలు పంచాను. కాని బొమ్మలు ఇద్దరికే ఇచ్చారని తెలిసి చాలా బాధ పడ్డాను. ఒడియా మాత్రమే తెలిసిన మా స్నేహితురాళ్ళు కూడా ఆ పాటను ఇష్టపడింది స్టెప్పుల వల్లనే కదా! మరి ఆ స్టెప్పులకు బహుమతి ఏది?
— ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: మీ బాధలో న్యాయం ఉందమ్మా, అయితే నియమం ప్రకారం అక్కడ జరిగిన పొరపాటు ఏమీ లేదు. 2023 మార్చిలో జరిగిన 95వ అకాడమీ పురస్కారాల సభలో ఆ పాటకు దక్కినది ఉత్తమ ఒరిజినల్ సాంగ్ అనే విభాగంలోని బహుమతి. 1934 నాటి చిత్రాలతో మొదలైన ఆ విభాగం పాటను సృష్టించినవారికి, అంటే బాణీ కూర్చినవారికి, సాహిత్యం రాసినవారికి ఉద్దేశించినది. అందుచేత కీరవాణి గారు, చంద్రబోస్ గారు బొమ్మలు అందుకున్నారు. అదే వేదిక మీద పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు గాని, అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్ మాస్టారికి గాని, తెర మీద చెమటోడ్చిన జూనియర్ ఎన్టీఆర్, రామ్ చరణ్‌లకు గాని అందులో వాటా లేదు. 2009లో 'జయహో'కు వచ్చినప్పుడు కూడా రెహమాన్, గుల్జార్‌లకే బహుమతి దక్కింది గాని, గొంతెత్తి పాడిన సుఖ్వీందర్ సింగ్‌కు దక్కలేదు.

నాట్యానికి ఆస్కార్‌లో ఒకప్పుడు చోటు ఉండేది. 1935 నుంచి 1937 వరకు వచ్చిన చిత్రాలకు నృత్య దర్శకత్వానికని వేరే బహుమతి ఇచ్చి, మూడేళ్ళకే ఆ విభాగాన్ని ఎత్తివేశారు. ఆ తరువాత జీన్ కెల్లీ, జెరోమ్ రాబిన్స్ వంటి కొద్దిమంది నృత్య దర్శకులకు గౌరవ పురస్కారాలు ఇచ్చి సరిపెట్టుకున్నారు. నా దృష్టిలో అది అకాడమీ చేసిన తొందరపాటు పని. పాటల వీడియోల కోసమే పుట్టిన ఎంటీవీ పురస్కారాలు 1984లో మొదలైన నాటి నుంచే నృత్యానికి ఒక విభాగం పెట్టుకున్నాయి, తొలి ఏడు ఆ బహుమతి మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'కు దక్కింది. అమెరికాలో సంగీతానికి పురస్కారాలిచ్చే గ్రామీ వారు మ్యూజిక్ వీడియోకు ఇచ్చే బహుమతిలో కళాకారుడితో పాటు వీడియో దర్శకుడికి, నిర్మాతకు కూడా భాగం ఉంటుంది.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు దొరికేది మన ఢిల్లీలోనే. 2021 సంవత్సరపు చిత్రాలకు 2023 ఆగస్టులో ప్రకటించిన 69వ జాతీయ పురస్కారాలలో 'ఆర్ఆర్ఆర్'కు ఉత్తమ నృత్య దర్శకుడిగా ప్రేమ్ రక్షిత్ ఎంపికయ్యారు. ఆ ఏడు కీరవాణి గారికి అదే చిత్రంలోని నేపథ్య సంగీతానికి పురస్కారం వచ్చింది. కాలభైరవకు గాయకుడి పురస్కారం 'కొమురం భీముడో' పాటకు గాని 'నాటు నాటు'కు కాదు. చంద్రబోస్ గారికి గీత రచయిత పురస్కారం మరో చిత్రానికి, 'కొండపొలం'లోని పాటకు వచ్చింది. మీ నోటు పుస్తకంలో పాట ఎదుట 'ఆస్కార్' అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, ఏ బహుమతి, ఏ పనికి, ఎవరికి అనే మూడు గళ్ళు గీసుకున్నారంటే, బహుమతి గురించి వాదించుకునే పెద్దవాళ్ళలో చాలామంది కంటే మీకే విషయం బాగా తెలుస్తుంది.

ఇంకొక గడి కూడా గీయమంటాను, అది చిత్రీకరించిన చోటుకు. ఆ పాటను 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, ఆ దేశాధ్యక్షుడి అధికార భవనమైన మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. సుమారు ఆరు నెలలకే ఆ నగరం మీద యుద్ధం వచ్చి పడింది. ఇప్పుడు ఆ వీడియో పెట్టుకున్నప్పుడల్లా నా కన్ను అడుగుల మీద కంటే ముందు వెనుకనున్న ఆ నీలి భవనం మీదనే పడుతుంది.

ప్రశ్న: బెనిఫిట్ షో కోసం ఇచ్ఛాపురం దాకా వెళ్ళే అభిమానులం మేము. 'పుష్ప'కు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చినప్పుడు, తెలుగు నటుడికి ఇదే మొదటిసారి అని చదివి సంతోషించాము, తరువాత సిగ్గు పడ్డాము. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్‌లకు రాలేదంటే ఎట్లా నమ్మమంటారు?
— అభిమాన మిత్రులు, బరంపురం

జవాబు: సిగ్గు పడవలసినది మీరు కాదు. జాతీయ పురస్కారాలు 1954లో మొదలైనా, నటీనటులకు విడిగా పురస్కారాలు ఇవ్వడం 1967 నాటి చిత్రాలతో గాని ఆరంభం కాలేదు. ఆ తొలి ఏడు ఉత్తమ నటుడు ఉత్తమ్ కుమార్, ఉత్తమ నటి నర్గీస్. అప్పటికి 'దేవదాసు' వచ్చి పద్నాలుగేళ్ళు, 'మాయాబజార్' వచ్చి పదేళ్ళు అయింది. పోటీయే లేని కాలంలో వారు తమ గొప్ప పాత్రలు వేసేశారన్న మాట. ఎస్వీ రంగారావు గారికి 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో 'నర్తనశాల'కు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, కాబట్టి కీచకుణ్ణి గుర్తించడానికి ఇండోనేషియా మనకంటే ముందుకు వచ్చినట్లే. అయితే 1967 తరువాత గడిచిన యాభై పైచిలుకు ఏళ్ళకు ఈ సంజాయిషీ చాలదు, దానికి న్యాయనిర్ణేతలే జవాబు చెప్పాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. మన నటీమణుల ఖాతా ఇంత ఖాళీగా లేదు. తెనాలి ఆడపడుచు శారద గారికి 'ఊర్వశి', అంటే జాతీయ ఉత్తమ నటి పురస్కారం, మూడు సార్లు వచ్చింది. అందులో రెండు మలయాళ చిత్రాలకు, మూడవది 1978లో తెలుగు 'నిమజ్జనం'కు. 1988లో 'దాసి'కి అర్చన, 1990లో 'కర్తవ్యం'కు విజయశాంతి గెలిచారు. సావిత్రి గారికి ఊర్వశి దక్కనే లేదు గాని, తెర మీద సావిత్రిగా నటించిన కీర్తి సురేశ్‌కు 2018 సంవత్సరానికి ఉత్తమ నటి పురస్కారం దక్కింది.

ప్రశ్న: మా హీరో పాటకు వ్యూలు ఎక్కువ, పక్కింటివాడి హీరోకు అవార్డులు ఎక్కువ. ఎవరు గొప్పో తేల్చండి, పందెం కట్టుకున్నాం.
— జయపురం

జవాబు: పందెం డబ్బు ఎవరిది వారు తీసుకోండి. తమిళ పాట 'రౌడీ బేబీ' 2020లో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూలు దాటింది. ఆ లెక్కలో ఒకే మనిషి నలభై సార్లు చూసినా కలుస్తుంది, ఆ నలభైలో నావీ కొన్ని ఉన్నాయి. అవార్డు మాత్రం గదిలో కూర్చున్న కొద్దిమంది నిర్ణయం. తూకంరాయితో బట్ట కొలవలేం కదా!

ప్రశ్న: మా రోజుల్లో పాట వినేవాళ్ళం. ఇప్పుడు మా మనవడు పాటను చూస్తున్నాడే గాని వినడం లేదు. ఇది మంచిదేనా అండీ?
— ఒక తాతగారు, బరంపురం

జవాబు: మీ రోజుల్లోనూ పాటను చూశారు తాతగారూ, మరిచిపోయారు. శుక్రవారం సాయంత్రం హైదరాబాదు దూరదర్శన్ 'చిత్రలహరి' కోసం సరిహద్దుకు అవతలి ప్రసారాన్ని పట్టాలని మా ఇంట్లో ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ ఉంటే, కింద నుంచి ఇంకొకరు 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని అరిచేవారు. బొమ్మ కుదిరేసరికి పాట పల్లవి అయిపోయేది.

మనవణ్ణి మందలించే బదులు, ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని 'మాయాబజార్'లోని 'అహ నా పెళ్ళియంట' చూపించండి. పాటను ముందే రికార్డు చేసి, సెట్టులో దానిని వినిపిస్తూ ఉంటే (సినిమావాళ్ళు దానినే నాగ్రా అంటారు) నటులు పెదవులు కలుపుతారని మీకు తెలిసే ఉంటుంది. ఆ పాటలో శశిరేఖ (సావిత్రి గారు) రూపంలో ఉన్నది ఘటోత్కచుడు (రంగారావు గారు). సుశీల గారి గొంతు సాగినంతసేపు సావిత్రి గారు పెళ్ళికూతురే. మధ్యలో ఘంటసాల గారి గొంతు దూకగానే అదే చీరలో, అదే నగలతో ఆమె నడకా చూపూ భుజాలూ రంగారావు గారివైపోతాయి. పింగళి వారి మాట, పసుమర్తి కృష్ణమూర్తి గారి నృత్యం, మార్కస్ బార్ట్‌లీ గారి కెమెరా ఒకదానికొకటి అడ్డు రాకుండా అక్కడ పని చేశాయి. కళ్ళు మూసుకుని వింటే ఆ పాటలో సగమే దొరుకుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఒడియా బడిలో అయిదో తరగతి చదువుతోంది. లిరికల్ వీడియోలు చూస్తే తెలుగు అక్షరాలు వస్తాయని మా వదినగారు అంటున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, గుణుపురం

జవాబు: వీడియోలో అక్షరాలు తెలుగులో ఉంటే వస్తాయి. చాలా లిరికల్ వీడియోలలో పాట తెలుగు, అక్షరాలు ఇంగ్లీషు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఇంగ్లీషు లిపిలో 'కల', 'కళ' రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి కనుక, అది చూసి నేర్చుకున్న పిల్లకు కవి ఏ మాట వాడాడో తెలియదు. మీ అమ్మాయికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఒడియాలోనూ ల, ళ వేరువేరు అక్షరాలే, ఆ తేడా ఆమె చెవికి ఇప్పటికే వచ్చు. కాబట్టి తెలుగు లిపి ఉన్న వీడియోలనే ఎంచి, రోజుకు ఒక్క చరణం దగ్గర ఆపి, విన్న మాటలను ముందు ఒడియాలో రాయించండి, వాటి కిందనే తెరను చూసి తెలుగులో రాయించండి. పల్లవితో మాత్రం మొదలు పెట్టవద్దు. అది ఆమెకు ముందే కంఠతా వచ్చి ఉంటుంది కనుక, తెర వైపు చూడకుండానే రాసేస్తుంది.