హైకోర్టు జడ్జి కాకుండానే అంతర్జాతీయ న్యాయమూర్తి కావచ్చా?

ప్రశ్న: నేను తిరుపతిలో ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. అంతర్జాతీయ న్యాయశాస్త్రం అంటే ఇష్టం. ముందు కోర్టులో పేరు తెచ్చుకుని హైకోర్టు జడ్జి అయితే తప్ప అటువైపు దారి లేదని మా సీనియర్లు అంటున్నారు. పైగా కొండ కింద ఊళ్లో కూర్చుని సముద్ర చట్టం చదవడమేమిటని నవ్వుతున్నారు. తెలుగువారిలో ఆ స్థాయికి చేరినవారు ఉన్నారా? (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: ఉన్నారు, అదీ మీ సీనియర్లు చెప్పిన దారిలో కాకుండా. 1936లో కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, ఢిల్లీ చేరి, తొలుత పరిశోధనలోనూ ఆపైన విదేశాంగ శాఖ న్యాయ విభాగంలోనూ పనిచేశారు. 1970లలో కొన్నేళ్లు న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితిలోని మన దేశ కార్యాలయానికి న్యాయ సలహాదారుగా ఉన్నారు. ఏ దేశానికి సముద్రం మీద ఎంతవరకు హక్కు ఉండాలన్న బేరసారాలు అక్కడ ముమ్మరంగా సాగిన కాలమది. 1982 నాటి సముద్ర చట్ట ఒడంబడిక వాటి ఫలితమే. 1988 నుంచి 1996 వరకు ఆయన కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి. మన వకీళ్లు నిత్యం వాడే 1996 ఆర్బిట్రేషన్ (తగాదాను కోర్టు బయట మధ్యవర్తులతో తేల్చుకునే పద్ధతి) చట్టం ఆయన ఆ కుర్చీలో ఉన్నప్పుడు రూపుదిద్దుకున్నదే. అదే ఏడాది, జర్మనీలోని హాంబర్గ్‌లో కొత్తగా ఏర్పడుతున్న అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కు 21 మంది న్యాయమూర్తులలో ఒకరిగా ఎన్నికయ్యారు. 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షులుగా వ్యవహరించి, 2017 దాకా ఆ ధర్మాసనం మీద కొనసాగారు. 2012లో పద్మభూషణ్ అందుకున్నారు.

ఆ ట్రిబ్యునల్ నిబంధనలు కోరేవి నిష్పాక్షికత, నిజాయితీలలో ఉన్నతమైన పేరు, సముద్ర చట్టంలో అందరూ గుర్తించిన ప్రావీణ్యం, అంతే. జడ్జిగా పనిచేసిన అనుభవం తప్పనిసరి అని ఎక్కడా లేదు. సభ్యదేశం ఒక్కొక్కటి ఇద్దరి పేర్లను ప్రతిపాదించవచ్చు. సభ్యదేశాల సమావేశంలో మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. మన ప్రభుత్వం మన పేరు పంపాలన్నా, పరాయి దేశాలు ఓటు వేయాలన్నా, వాళ్ల ప్రతినిధులు ఏళ్ల తరబడి మన పనిని కళ్లారా చూసి ఉండాలి. ఒడంబడికల ముసాయిదాల దగ్గర కూర్చున్నవారికి ఈ విషయంలో కోర్టు వకీలుకు లేని వెసులుబాటు ఉంటుందని నా అభిప్రాయం.

ఆయన పనితీరు తెలియాలంటే పదవుల జాబితా కన్నా ఒక కేసు చూడడం మేలు. 1997 అక్టోబరులో ‘సైగా’ అనే ఆయిల్ ట్యాంకరును ఆఫ్రికా పశ్చిమ తీరంలోని గినీ దేశం పట్టుకుంది. తన ప్రత్యేక ఆర్థిక మండలిలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా, చేపల వంటి వనరుల మీద ఆ తీరదేశానికే హక్కు ఉండే సముద్రభాగం) చేపలు పట్టే ఓడలకు ఆ ట్యాంకరు డీజిల్ అమ్మిందని, అది స్మగ్లింగ్ అని గినీ వాదన. ఓడ మీద ఉన్నది సెయింట్ విన్సెంట్ అనే చిన్న ద్వీపదేశపు జెండా. ఆ దేశం హాంబర్గ్‌కు వెళ్లి, పూచీకత్తు తీసుకుని ఓడను వెంటనే వదిలిపెట్టాలని అడిగింది. ట్రిబ్యునల్ చేతికి వచ్చిన మొట్టమొదటి కేసు అదే. దాఖలైన మూడు వారాలకే, డిసెంబరు 4న, 12 మంది ఒకవైపు, 9 మంది ఒకవైపు నిలిచి తీర్పు వెలువడింది: నాలుగు లక్షల డాలర్ల పూచీకత్తు మీద ఓడను విడిచిపెట్టాలి. చంద్రశేఖరరావు గారు ఓడిన 9 మందిలో ఉన్నారు. మరో నలుగురితో కలిసి భిన్నాభిప్రాయం రాశారు. ఆ తొమ్మిది మందిలో అప్పటి అధ్యక్షుడు కూడా ఉన్నారంటే చిక్కు ఎంతటిదో ఊహించండి. పూచీకత్తు మీద తక్షణ విడుదల అన్నది ప్రధానంగా చేపల వేట కేసులకు ఉద్దేశించిన వెసులుబాటు. డీజిల్ అమ్మకాన్ని కూడా అందులో కలుపుకోవచ్చా అన్నదే అసలు తగాదా. తీర్పును, భిన్నాభిప్రాయాలను పక్కపక్కన పెట్టుకుని చదవండి. పరీక్షకు చదివే గైడులో ఇది దొరకదు.

ఇక సముద్రం సంగతి. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట, పులికాట్ మీ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి కదా. నవ్విన సీనియర్లకు ఆ సంగతి చెప్పండి.

ప్రశ్న: ఇటలీ నావికుల కేసులో కూడా చంద్రశేఖరరావు గారి పేరు విన్నట్టు గుర్తు. నిజమేనా? (ఒక న్యాయవాది, చిత్తూరు)

జవాబు: నిజమే. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి దూరంగా ‘ఎన్రికా లెక్సీ’ ఓడ మీది ఇటలీ నావికుల కాల్పుల్లో ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. ఆ వివాదం విచారించిన ఐదుగురు సభ్యుల ఆర్బిట్రేషన్ మండలిలో భారత్ నియమించిన సభ్యుడు ఆయనే. విచారణ ముగియకుండానే 2018 అక్టోబరులో కన్నుమూయడంతో, ఆ స్థానానికి మన దేశం మరో తెలుగు న్యాయకోవిదుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారిని ఎంచుకుంది. విదేశాంగ శాఖ న్యాయ సలహాదారుగా పనిచేసిన ఈయన కూడా కోర్టుల మీదుగా వచ్చినవారు కారు. 2020లో వచ్చిన తీర్పు ప్రకారం నావికుల మీద ఇక్కడ విచారణ జరపడానికి వీల్లేదు, పరిహారం మాత్రం భారత్‌కు రావాలి. మొదటి అంశం 3-2 తేడాతో తేలింది. దానితో విభేదించిన ఇద్దరిలో శ్రీనివాసరావు గారు ఒకరు.

ప్రశ్న: మన మత్స్యకారులను పొరుగు దేశం పట్టుకుంటే వాళ్లే నేరుగా హాంబర్గ్‌కు వెళ్లవచ్చా? (ఒక పాఠకుడు, సూళ్లూరుపేట)

జవాబు: వెళ్లలేరు. పడవ ఏ దేశానిదో ఆ దేశం గానీ, దాని తరఫున అనుమతి పొందినవారు గానీ అడగాలి. ప్రత్యేక ఆర్థిక మండలిలో వేట కేసు అయితే, సముచితమైన పూచీకత్తు మీద పడవను, మనుషులను త్వరగా వదలాలి. ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలుశిక్ష కూడా వేయకూడదు. పొరుగు దేశపు తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపలి జలాల్లో పట్టుబడినవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు.