కొత్త ఉద్యోగంలో చేరుతున్న మా శ్రావణికి

చిరంజీవి శ్రావణికి, పెద్దబాపు ఆశీస్సులు.

వారంలో మూడు రోజులు మన హనుమకొండ పక్కనే ఉన్న మడికొండ ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి పని, టీమ్ లీడర్ హైదరాబాద్‌లో, క్లయింటు అమెరికాలో అని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నీ ఉద్యోగం గురించే ఆలోచిస్తున్నాను బిడ్డా. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచేదాకా, కాకతీయ యూనివర్సిటీలో చదివినా నిట్‌లో చదివినా మన పిల్లల్లో చాలామంది కంప్యూటర్ ఉద్యోగం కోసం కాజీపేటలో రైలెక్కాల్సిందే. నీకు ఆ అవసరం రాలేదు. అమ్మ చేతి అన్నం తిని ఆఫీసుకు వెళ్లొచ్చు. నాకు చాలా సంతోషంగా ఉంది.

నేను పనిచేసిన ఆఫీసులో, మా సెక్షన్‌లో ఎవరు పని చేస్తున్నారో, ఎవరు తప్పించుకుంటున్నారో అక్కడ కూర్చున్న అందరికీ తెలిసేది. నీ పని చూసే మనిషి మాత్రం దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. నువ్వు పొద్దుపోయేదాకా కూర్చున్నది ఆయనకు కనిపించదు. ఫోన్‌లో ఒప్పుకున్న మాట రెండు వారాల తర్వాత ఆయనకు గుర్తుండదు. అందుకే నేను చెప్పేది ప్రధానంగా ఒక్కటే. పని కానీ, టైమ్ కానీ, ఎవరైనా ఇచ్చిన మాట కానీ, రాతలో ఉండేలా చూసుకో.

ముందు అపాయింట్‌మెంట్ లెటర్ సంగతి. సంతకం పెట్టే ముందు మొత్తం చదువు. అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టి హెచ్‌ఆర్ వాళ్లకు మెయిల్ రాసి అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని సంకోచించకు, వాళ్లు ఉన్నదే అందుకు. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే. అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కగట్టాలి. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఆ వేతనం మీదే వస్తుంది కాబట్టి బేసిక్, అంటే మూల వేతనం, ఎంత పెట్టారో చూడు. రాజీనామా చేసినా, వాళ్లే తీసేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని కూడా అందులో ఉంది.

సీటీసీ, అంటే నీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, అని రాసిన పెద్ద అంకె నీ చేతికొచ్చే జీతం కాదు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, కొన్ని చోట్ల ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా అందులో కలిపేస్తారు. వేరియబుల్ పే అని ఇంకొక వరుస ఉంటుంది, అది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఇంటి ఖర్చు లెక్క దాన్ని నమ్ముకుని వేయకు. పీఎఫ్ కింద నీ వేతనంలోంచి 12 శాతం, కంపెనీ నుంచి అంతే పడాలి. చాలా కంపెనీలు 15,000 రూపాయల పరిమితి మీదే లెక్కగడతాయి, అంటే నెలకు 1,800. నీ కంపెనీ ఏ పద్ధతిలో కడుతోందో చేరకముందే కనుక్కో.

ఇంటి నుంచి రెండు రోజుల పని అనేది లెటర్‌లో ఉందో లేదో కూడా చూడు. చాలా కంపెనీల్లో అది లెటర్‌లో ఉండదు, కంపెనీ పాలసీగా మాత్రమే ఉంటుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. 2023 చివర్లో టీసీఎస్ తన ఉద్యోగులను వారంలో ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. రేపు నీ కంపెనీ కూడా అలాగే అనొచ్చు. మడికొండే కాబట్టి నీకు పెద్ద ఇబ్బంది ఉండదు. అయితే 'దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయవచ్చు' అనే వాక్యం ఉంటే మాత్రం మీ బాపుకు ఇప్పుడే చెప్పు. బదిలీ వచ్చిన రోజు ఇంట్లో గొడవ పడేకంటే అదే మేలు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకు. చూపించు, జిరాక్స్ ఇవ్వు, ఇంటికి తెచ్చుకో. వాళ్ల దగ్గరే ఉంచుకుంటామంటే ఆ ఉద్యోగం గురించి మళ్లీ ఆలోచించాలి. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

ఇక రోజువారీ పని. మా ఆఫీసులో నోట్ ఫైల్ ఉండేది. ప్రతి పేరాకు నంబరు, చివర్లో సంతకం, తేదీ. పై అధికారి ఫోన్‌లో ఏదైనా చెప్తే, 'ఫోన్‌లో ఆదేశించిన ప్రకారం' అని ఆ రోజే నోట్‌లో రాసి, ఫైల్ మళ్లీ ఆయన ముందు పెట్టేవాళ్లం. ఆయన సంతకం పెడితే అది ఆయన మాట, పెట్టకపోతే పని అక్కడే ఆగేది. ఆ పద్ధతి ఎంతోమంది చిన్న ఉద్యోగుల్ని కాపాడింది. నీకు నోట్ ఫైల్ ఉండదు, మెయిల్ ఉంటుంది. కాల్ అయిపోగానే మూడు వాక్యాలు రాసి పంపు: 'ఈరోజు కాల్‌లో అనుకున్న ప్రకారం రిపోర్టు మొదటి భాగం నేను గురువారంలోగా ఇస్తాను. దానికి కావాల్సిన డేటా బుధవారం సాయంత్రానికి పుణె టీమ్ నుంచి రావాలి. నేను తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి.' ఆ రెండో వాక్యం ఎప్పుడూ మర్చిపోకు. గురువారం రిపోర్టు రాకపోతే అందరూ నీ పేరే చెప్తారు, డేటా శుక్రవారం వచ్చిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మర్యాదగా రాసిన ఆ ఒక్క వాక్యం ఉంటే, ఎవరి మీదా నేరం మోపకుండానే నిజం బయటపడుతుంది.

సాయంత్రం లాగౌట్ అయ్యే ముందు ఏం పూర్తయింది, ఏది ఎవరి దగ్గర ఆగింది అని రెండు లైన్లు టీమ్ చాట్‌లో పెట్టు. గొప్పలు చెప్పుకోవడం అవుతుందేమో అని ఆడపిల్లలు వెనకాడతారు, నేను చాలామందిని చూశాను. చేసిన పని చేశానని రాయడం గొప్పలు కాదు. ఏడాది చివర రేటింగ్ వేసేటప్పుడు మీ లీడర్ వెతుక్కునేది ఆ లైన్లనే.

ఇంటి నుంచి పని చేసే రోజుల గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. మన ఇళ్లలో కూతురు ఇంట్లో కనిపిస్తే ఖాళీగా ఉన్నట్టే లెక్క. సిలిండర్ వచ్చిందంటారు, అత్తమ్మ వచ్చింది చాయ్ పెట్టమంటారు, నువ్వు మీటింగ్‌లో ఉండగానే పక్కింటి పెద్దమ్మ వచ్చి పెళ్లి సంబంధం మాట మొదలుపెడుతుంది. వాళ్లకు నీ మీద ప్రేమ లేక కాదు, ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం ఉద్యోగమని వాళ్ల కళ్లకు ఇంకా అలవాటు కాలేదు. మీ బాపుతో నేను మాట్లాడతాను. వెనక గది నీకివ్వమని, తలుపు వేసి ఉంటే ఎవరూ తట్టొద్దని చెప్తాను. మంచం మీద కూర్చుని పని చేయకు, ఆరు నెలల్లో నడుము పట్టేస్తుంది. మొదటి జీతంతో ఫోన్ కొనకు, వీపుకు ఆనుడున్న మంచి కుర్చీ కొను. వానాకాలం ముందు లైన్ల మీద కొమ్మలు కొట్టడానికి గంటల తరబడి కరెంటు తీస్తారు కాబట్టి ఇన్వర్టర్‌కు వైఫై రూటర్ కూడా కలిపించు. లైట్లు, ఫ్యాన్లకే కలిపి రూటర్ మర్చిపోతారు.

ఆఫీసుకు వెళ్లే మూడు రోజులు మాత్రం మనుషుల కోసం వాడుకో. హెడ్‌ఫోన్ పెట్టుకుని స్క్రీన్ చూసే పని ఇంట్లోనూ చేయొచ్చు. అంత దూరం వెళ్లి కూడా అదే చేస్తే ఏం లాభం? సీనియర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చో, ఆవిడ తప్పు ఎలా పట్టుకుంటుందో చూడు. మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ అందరితో కలిసి విప్పు. పని నేర్పే మాటలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

చాట్‌జీపీటీ లాంటి వాటి గురించి. 2022 నవంబర్‌లో అది వచ్చిన దగ్గర్నుంచి ఉద్యోగాలు పోతాయని మీ వయసు వాళ్లందరికీ టెన్షన్ పట్టుకుంది. భయపడి దూరంగా ఉండకు, బాగా నేర్చుకో. అయితే దాన్ని డ్రాఫ్టు రాసిపెట్టే క్లర్కులా చూడు. మా దగ్గర డ్రాఫ్టు ఎవరు రాసినా సంతకం పెట్టినవాడే జవాబు చెప్పాలి. అది రాసిన కోడ్, అది చెప్పిన లెక్క ప్రతి వరుసా చదివి, నీకు అర్థమయ్యాకే నీ పేరుతో పంపు. కంపెనీ కోడ్, క్లయింటు డేటా, కస్టమర్ల వివరాలు బయటి టూల్‌లో వేయకు. 2023లో సామ్‌సంగ్ ఉద్యోగులు కోడ్‌ను అలా వేశాక ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్నే ఆపేసింది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో వాటిని వాడొద్దని తన సిబ్బందికి చెప్పింది. మీ కంపెనీ ఏ టూల్‌కు అనుమతి ఇచ్చిందో మెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకో.

పని గంటల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో నారాయణ మూర్తి గారు అన్నారు, 90 గంటలని 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ అన్నారు. పెద్దవాళ్లే అన్నా నేను ఒప్పుకోను. కొత్తలో పని నేర్చుకోవడానికి ఎక్కువసేపు కూర్చోవడం వేరు, అదే అలవాటుగా మారడం వేరు. ఆఫీసు టైమ్ అయ్యాక వచ్చే మెసేజ్‌కు జవాబివ్వకపోయే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టంలో పెట్టాయి. మనకు అలాంటి చట్టం ఇంకా రాలేదు కాబట్టి నీ హద్దు నువ్వే గీసుకోవాలి. అమెరికా వాళ్లతో రాత్రి కాల్ ఉంటే చెయ్యి, మర్నాడు ఆలస్యంగా లాగిన్ అవుతానని ఆ రాత్రే రాసి పెట్టు. క్లయింటు క్యాలెండర్‌లో సద్దుల బతుకమ్మ ఉండదు, మేడారం జాతర ఉండదు. ఆ సెలవులు నెల ముందే టీమ్ క్యాలెండర్‌లో పెట్టేయి.

ఇంకొకటి, ఇది మీ అమ్మతో కలిసి చదువు. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆఫీసులో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. కమిటీలో ఎవరున్నారో మొదటి వారంలోనే కనుక్కుని పేర్లు రాసుకో. అర్ధరాత్రి వచ్చే వెకిలి మెసేజ్, వీడియో కాల్‌లో అనే పిచ్చి మాట కూడా వేధింపే. డిలీట్ చేయకు, స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. నాతో చెప్పడానికి మొహమాటమైతే మీ పెద్దమ్మకు చెప్పు. నీ తప్పేమైనా ఉందా అని ఈ ఇంట్లో ఎవరూ అడగరు, ఆ పూచీ నాది.

ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. 2025లో టీసీఎస్ దాదాపు 12,000 మందిని తగ్గిస్తున్నట్టు చెప్పింది. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో చేరేదాకా ఏ ఈఎంఐ జోలికీ పోవద్దు. సాయంత్రాలు ట్యూషన్ చెప్పాలన్నా కంపెనీని రాతపూర్వకంగా అడిగాకే మొదలుపెట్టు. రెండో చోట పని చేస్తున్నారని విప్రో 2022లో 300 మందిని తీసేసింది. పే స్లిప్పులు, లెటర్లు నెలనెలా నీ సొంత మెయిల్‌కు పంపుకో. ఆఫీసు లాగిన్ ఆగిపోయిన రోజు అవి తెరుచుకోవు. అవి తప్ప కంపెనీ ఫైల్ ఒక్కటి కూడా బయటికి పంపకు.

చివరగా ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందని మీ బాపు చెప్పాడు. పీఎఫ్ ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. పేరు ఒకచోట ఒకలా, ఇంకొకచోట ఇంకొకలా ఉంటే రేపు డబ్బు తీసుకోవాల్సినప్పుడు నెలల తరబడి తిరగాలి. మెమో ఒరిజినల్ తీసుకుని ఆధార్ సెంటర్‌కు వెళ్లి సరిచేయించుకో. రసీదు ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు.

నీ పెద్దబాపు,
హనుమకొండ